తెనాలి తులాభారము

తెనాలి పేరెత్తినంతనే, ఆ పరిసరములయందు జన్మించి వెండితెరపై వెలుగొందిన నటీనటుల నామములను జపమాల త్రిప్పినట్లు వరుసగా త్రిప్పి, ‘ఆంధ్రా ప్యారిస్’ అను ముద్దుపేరును ఒకమాఱు స్మరించి, అంతటితో ఋణము తీరినదని సంతసించుట మన ప్రత్యేక సంచికలలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఆ నామావళి అసత్యము కాదు. కాని దానిని వల్లించినంత మాత్రమున, ఇందఱు నటులు ఈ కాలువల నడుమనే ఏల తయారైరో, వారికి నటనలో అక్షరాభ్యాసము చేసిన బడి ఏదియో పాఠకునకు బోధపడదు. తెనాలి శ్రీరామవిలాస సభ యను నాటక సమాజపు చరిత్రమును ముచ్చటింపవలసిన ఈ సందర్భమున, ఆ పేర్ల వరుసను కొంత ప్రక్కకు నెట్టి, ఆ సభ కీర్తిని తెలుగునాట నలుదెసల చాటిన ఒక్క నాటకమును, అందలి ఒక్క పాత్రను పట్టుకొని నడువదలచితిని. ఆ నాటకము ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణ తులాభారము; ఆ పాత్ర సత్యభామ.

కృష్ణా పశ్చిమ డెల్టాకు తెనాలి నడిబొడ్డు. కాలువలు ఊరిని చీల్చుకొని పాఱును. విజయవాడనుండి మద్రాసునకు పోవు పెద్ద రైలుమార్గము, గుంటూరునుండి వచ్చు మార్గము, రేపల్లెకు పోవు శాఖ, మూడును ఇచటనే కలియును. ఆ మద్రాసు మార్గముననే బాపట్ల. కుప్పలు నూర్చి, ధాన్యము అమ్మి, చేత నాలుగు రూపాయలాడుచున్న రైతునకు సంక్రాంతి వెళ్లినది మొదలు తొలకరి వఱకు తీరికయే తీరిక. నాటకమన్నచో రాత్రి భోజనములైన పిమ్మట తెర లేచి తెల్లవాఱుజామున మంగళము పాడువఱకు సాగునది. బండ్లు కట్టుకొని వచ్చినవారు బండ్లలోనే కునుకుచు మరలిపోయెడివారు. రేపల్లె వైపువారు ఉదయపు రైలునకు నిరీక్షించుచు, రాత్రి విన్న పద్యములలో ఎవరి రాగము ఎంత సాగినదో, ఎవరు ఎచట శ్రుతి తప్పిరో వాదులాడుకొనెడివారు. మైకు లేని ఆ దినములలో వెనుక వరుసలోని మనుష్యునకు మాట స్పష్టముగా వినబడనిచో నటునకు మర్యాద దక్కెడిది కాదు. పద్యము నచ్చిన ‘వన్స్ మోర్’, నచ్చకున్న ఈలలు. ఈ నిర్దాక్షిణ్యమైన పరీక్షాధికారులే సభకు సగము గురువులని నా అభిప్రాయము.

స్థానం నరసింహారావుగారు బాపట్ల బిడ్డ. 1902 సెప్టెంబరు 23న జన్మించిరి. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకమునకు సర్వమును సిద్ధమైన వేళ, చంద్రమతి పాత్రధారి రాకపోవుటచే, ఆ వేషము ఈ పదునెనిమిదేండ్ల యువకుని భుజములపై బడినది. ఇట్టి ప్రమాదములు నాటక చరిత్రలో వేలకొలది జరిగియుండును, మఱునాడే మఱువబడియుండును. ఈ చంద్రమతి మాత్రము మఱువబడలేదు. అనతికాలముననే ఆయన తెనాలి చేరి శ్రీరామవిలాస సభలో ప్రవేశించి, సత్యభామగా, చిత్రాంగిగా, దేవదేవిగా, చింతామణిగా, రోషనారగా సుమారు నాలుగు దశాబ్దములు స్త్రీ పాత్రలకు ప్రాణము పోసిరి. ఆయన వేషము వేసికొని వచ్చిన, ఇతడు పురుషుడన్న సంగతి తెలిసినవారును దానిని విస్మరించెడివారని పెద్దలు చెప్పుదురు. కాని, వేషధారణ నైపుణ్యమొక్కటియే ఆయనను అంత యెత్తునకు గొనిపోలేదు. ఆయన సత్యభామకును, చిత్రాంగికిని, చింతామణికిని నడకలో, చూపులో, పైట సవరించుకొను తీరులో, కడకు అలుకలో కూడ భేదము చూపిరి. ఒకతె రాజపుత్రి, ఒకతె కామాతుర, ఒకతె వేశ్య. మువ్వురకును ఒకే కోపమెట్లుండును?

తులాభారములో సత్యభామ నోట వినవచ్చు ‘మీరజాలగలడా’ అను పాట నాటకకర్త వ్రాసినది కాదు. స్థానం వారే స్వయముగా కూర్చుకొన్నది. ఒకే పల్లవిని మరల మరల ఎత్తుకొని, ఒకమాఱు గర్వముగా, ఒకమాఱు సందేహముగా, మఱియొకమాఱు సవాలుగా, భావము మార్చి మార్చి పాడుచు సభను ఉఱ్ఱూతలూపుట ఆయన సొత్తు. నటుడు తన పాత్రకు తానే పాట వ్రాసికొనుట కవులకు కంటగింపు కావచ్చును గాని, ఆ పాత్ర మనసున ఎంత దూరము చొచ్చిన పిమ్మట ఆ మాటలు పుట్టినవో యోచించిన, ఆ స్వాతంత్ర్యము ఆయనకు చెల్లుననియే తోచును. 1956లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగినది. తన జీవితానుభవములను ‘నటస్థానం’ అను పేర గ్రంథస్థము చేసిరి. 1971లో కీర్తిశేషులైరి.

సభ ఆయన యొక్కనితోడనే నిలువలేదు. బ్రాహ్మణకోడూరు మాధవపెద్ది వారి కుటుంబమునకు చెందిన వెంకట్రామయ్యగారు దుర్యోధనాది పాత్రలయందు సింహగర్జన చేసిరి. ఆ యింటిపేరువాడే, ఆ యూరివాడే యైన మాధవపెద్ది సత్యం తరువాతి తరమున మాయాబజారు ఘటోత్కచునకు తన కంఠము నిచ్చెను. సుద్దపల్లిలో జన్మించిన కల్యాణం రఘురామయ్యగారు, వ్రేలు నోట బెట్టి ఈలతో రాగాలాపనము చేయుచు ‘ఈలపాట’ అను మాటను తన పేరులో శాశ్వతముగ చేర్చుకొనిరి. కృష్ణ పాత్రకు వారిని మించినవారు లేరని ఈ ప్రాంతమున నేటికిని వాదించు వృద్ధులు గలరు. ఇక డాక్టరు గోవిందరాజుల సుబ్బారావుగారు పగలు తెనాలిలో రోగులకు మందులిచ్చుచు, రాత్రులు రంగస్థలమున వేషము కట్టెడి వైద్యులు. ఆయన పద్యపు సాగదీతలకంటె మాట విఱుపుపై ఎక్కువ శ్రద్ధ చూపిన అరుదైన నటులు. కనుకనే చలనచిత్రము ఆయనను సులభముగ తనలో కలుపుకొన్నది.

చలనచిత్రము మాటలు నేర్చి తెలుగున 1932లో భక్త ప్రహ్లాదగా వెలువడినపుడు, అందు సురభి నాటక సమాజము వారు నటించిరి. ఇచట నొక విశేషమును గమనింపవలెను. సురభివారి నాటకములందు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింతురు. కుటుంబమే సమాజము గనుక వారికి ఆ సౌకర్యము గలదు. తెనాలి సభ కీర్తియన్ననో పురుషుడు కట్టిన స్త్రీ వేషముపై నిలిచియున్నది. కెమెరా నటుని ముఖమునకు మూడడుగుల దూరమునకు వచ్చి నిలిచినపుడు, దీపకాంతిలో పది గజముల దూరమునుండి చూచినవారిని మురిపించిన మాయ నిలుచునా? సినిమా కోరినది నిజమైన స్త్రీని. 1935 నాటి శ్రీకృష్ణ తులాభారము చిత్రమున సత్యభామగా ఋష్యేంద్రమణి కనబడెను. అందే మిత్రవిందగా ఒక క్రొత్త ముఖము తోచెను. ఆ ముఖము తెనాలితో విడదీయరాని అనుబంధము గల కాంచనమాలది.

ఆమె తొలి తెలుగు తారలలో అగ్రగణ్య. మూడేండ్లు తిరుగకుండగనే, 1938లో గూడవల్లి రామబ్రహ్మంగారి మాలపిల్లలో నాయిక. ఆ చిత్రముననే సుందరరామశాస్త్రిగా మన డాక్టరుగారు నటించిరి. నాలుగేండ్లకు జెమినీవారి బాలనాగమ్మలో వీరిరువురును మరల ఎదురెదురుగా నిలిచిరి. ఆమె బాలనాగమ్మ, ఆయన మాయల మరాఠి. ఆ మాంత్రికుని చూచి పిల్లలు జడిసికొనిరని విన్నపుడు, మఱునాడు అదే మనుష్యుని చేతి మందు పుచ్చుకొనవలసిన తెనాలి పిల్లల అవస్థ నాకు స్ఫురించుచుండును. ఆ పిమ్మట కాంచనమాల చిత్రరంగమునకు దూరమై, మనోవ్యాధి పాలై, సుదీర్ఘ కాలము తెనాలిలో మౌనముగా గడపెను. 1963లో లక్ష్మీరాజ్యంగారు నర్తనశాల నిర్మించుచు ఆమెను పిలిచి, ఒక చిన్న దృశ్యమున మాటలు లేకుండ చూపిరి. ఒకనాడు చిత్రమంతయు తానే యైన తారను గుంపులో గుర్తుపట్టుటకు నాటి ప్రేక్షకులు కనులు చిట్లించుకొనవలసి వచ్చెను. 1981లో ఆమె పరమపదించెను.

మరల స్థానం వారికడకు వత్తము. ఆయన తెరపైకి వెళ్లకపోలేదు. వై.వి. రావుగారు సత్యభామ యను చిత్రము తీసినపుడు సత్యభామగా పుష్పవల్లి నటింపగా, స్థానం వారు ధరించినది శ్రీకృష్ణ పాత్ర. యావదాంధ్రమునకును సత్యభామగా ప్రసిద్ధుడైన వ్యక్తి, మఱియొకతె సత్యభామగా అలుగుచుండ, ఆమె కాలి దాపున కృష్ణుడై నిలువవలసి వచ్చుట! మహారాష్ట్ర రంగస్థలమున స్త్రీ పాత్రలకు సమ్రాట్టైన బాలగంధర్వునకును ఇట్టి అనుభవమే ఎదురైనది. 1935లో శాంతారాం ధర్మాత్మ చిత్రమున ఆయన ఏకనాథుడై పురుష వేషము దాల్చెను. తరువాత మీరాబాయిగా స్త్రీ వేషముతో తెరకెక్కినను ప్రజలు ఆదరింపలేదు. స్థానం వారిని ‘ఆంధ్ర బాలగంధర్వ’ యని పిలుచువారు కీర్తిలోని సామ్యమును మాత్రమే తలచిరి. తెరపై ఇరువురును పురుష వేషము దాల్చవలసి వచ్చిన ఈ సామ్యము మఱింత సూక్ష్మమైనది.

డాక్టరుగారికి ఇట్టి చిక్కు రాలేదు. పల్నాటి యుద్ధమున బ్రహ్మనాయుడుగా, గుణసుందరి కథలో కూతుండ్ర మాటలకు మోసపోయిన రాజుగా, 1955 నాటి కన్యాశుల్కమున లుబ్ధావధానులుగా వారు మెప్పించిరి. లుబ్ధావధానుల వేషమే నా దృష్టిలో వారి శిఖరము. పిసినారితనమును పరిహాసపాత్రముగ గాక, ఒక వృద్ధుని భయముగా చూపిరి. అందే సౌజన్యారావు పంతులుగా నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావుగారును తెనాలి సమీపమున రావికంపాటివారే. ఒకే తాలూకా గాలి పీల్చిన ఇరువురు, గురజాడ నాటకమున రెండు విరుద్ధ కొసలను పట్టుకొనిరి.

సత్యభామ కథ సినిమాలకు నెలవైన మద్రాసుననే ముగిసిపోయెనని తలంపరాదు. తెనాలికి ఉత్తరమున, పసుపు బజారునకు పేరొందిన దుగ్గిరాలలో, హంపిలో జన్మించిన ఒక బాలిక పెరిగెను. మోరంపూడికి చెందిన కొంగర జగ్గయ్య దుగ్గిరాలలో ఉపాధ్యాయుడై యుండి, నాటకములు వేయించుచు, ఆ బాలికను రంగస్థలమునకు తెచ్చెను. ఆమెయే జమున. జగ్గయ్య అటుపిమ్మట ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివి, సినిమాలలో నటించి, శివాజీ గణేశన్‌కు తెలుగు కంఠమై, రవీంద్రుని గీతాంజలిని తెనిగించి, 1967లో ఒంగోలునుండి లోకసభ కెన్నికయ్యెను. ఆయన కంఠమున గల ఆ కంచుమ్రోత, ఆ అక్షర స్పష్టత మైకు లేని రంగస్థలమున సానబట్టబడినవే. జమున 1957లో వినాయక చవితి చిత్రమున సత్యభామయై, 1966లో రామానాయుడుగారు నిర్మించి, కమలాకర కామేశ్వరరావుగారు దర్శకత్వము వహించిన శ్రీకృష్ణ తులాభారమున మరల ఆ పాత్ర ధరించెను. అందు సుశీలగారి కంఠమున వినవచ్చిన పాట, స్థానం వారు వ్రాసికొన్న ఆ ‘మీరజాలగలడా’యే. బాపట్ల యువకుడు తెనాలి రంగస్థలమున పుట్టించిన పాట, దుగ్గిరాలలో పెరిగిన నటీమణి పెదవులపైకి చేరుటకు మద్రాసు మీదుగ పోవలసి వచ్చెను. దూరము మాత్రము కొన్ని స్టేషనులే.

రేపల్లెను విస్మరించితినని ఆ వైపు మిత్రులు నాపై అలుగవచ్చును. రేపల్లె తాలూకా పెదపులివఱ్ఱున 1930లో జన్మించిన కాశీనాథుని విశ్వనాథ్‌గారు వాహినీ స్టూడియోలో శబ్దగ్రాహకులుగా పని ప్రారంభించిరి. చెవితో మొదలైన ఈ శిక్షణయే శంకరాభరణమునకు పునాదియని ఊహించుట అతిశయోక్తి కాదు. దర్శకులుగా పండిన పిదప, 1995లో శుభసంకల్పముతో ముఖమునకు రంగు పూసికొనిరి. శంకరాభరణము విడుదలైన ఫిబ్రవరి 2వ తేదీననే, 2023లో కన్నుమూసిరి. అటులనే తెనాలి చక్రపాణిగారిని గూర్చి, విజయా చిత్రసంస్థను గూర్చి వ్రాయబూనిన మఱియొక సంచిక కావలయును.

1974 అక్టోబరు 23న హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైన పిమ్మట, ఈ పాత చిత్రములు క్రమముగా ఇండ్లలోనికే వచ్చెను. ఏ ఇంట టెలివిజన్ ఉన్నదో ఆ యింటి వాకిట చాపలు పఱచుకొని వీధియంతయు సినిమా చూచిన దినములు మన పల్లెలలో అనేకులకు జ్ఞాపకమే. తులాభారమును థియేటరులో చూడని తరము అక్కడనే జమున సత్యభామను చూచినది. తెనాలి పేరు కూడ ఆ పెట్టెలోనికి మఱియొక దారిన ప్రవేశించినది: 1990లో నాగాభరణ దర్శకత్వమున హిందీలో ‘తెనాలి రామా’ ధారావాహిక వెలువడి, తెనాలి యెక్కడనున్నదో ఎఱుగని ఉత్తరదేశపు బాలురచేతను ఆ పేరు పలికించినది.

తులాభారమను మాట తెనాలిని మఱియొకమాఱును అంటిపెట్టుకొన్నది. ఈ యూర 1945లో జన్మించిన శారద, తెలుగున ఇద్దఱు మిత్రులు వంటి చిత్రములలో కనబడిన పిమ్మట కేరళమున స్థిరమైన కీర్తి గడించి, 1968 నాటి మలయాళ చిత్రమునకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారము నందుకొనెను. ఆ చిత్రము పేరు తులాభారం. దానిలో కృష్ణుడు లేడు, సత్యభామ లేదు, తులసీదళమును లేదు; దారిద్ర్యము త్రాసున బిడ్డల ప్రాణములను తూచవలసి వచ్చిన తల్లి కథ అది. ఆ కథ తమిళమున, తెలుగున మనుషులు మారాలి యను పేరున, హిందీలో మరల నిర్మింపబడగా, నాలుగు భాషలలోను ఆ తల్లి వేషము శారదదే. ఆ పిదప స్వయంవరం, నిమజ్జనం చిత్రములకు మరి రెండు జాతీయ పురస్కారములు ఆమెకు లభించెను. 1996లో తెనాలి నియోజకవర్గము ఆమెను లోకసభకు పంపినది.