తెగని కత్తి

2006లో ఆన్‌సైట్ నుంచి తిరిగొస్తూ మా అమ్మకి ఒక కత్తుల సెట్టు పట్టుకొచ్చా. థాంక్స్‌గివింగ్ సేల్‌లో ముప్ఫై డాలర్లు. పధ్నాలుగు ముక్కలు, పెట్టుకోడానికి ఒక చెక్క దిమ్మ. అట్టపెట్టె మీద "జీవితంలో సాన పట్టక్కర్లేదు" అని పెద్దక్షరాలతో రాసుంది. అంతకన్నా ఏం కావాలి? అదే ఏడాది మేం అపార్ట్‌మెంట్‌లోకి మారాం. ప్లాట్‌ఫారం వంటిల్లు, మార్బుల్ నేల. కత్తిపీట ఎక్కడ పెట్టాలో తెలీక పాత ఇనుము వాడికిచ్చేశా. అమ్మని అడగలేదు.

ఆర్నెల్ల తర్వాత ఆ సెట్టులోని పెద్ద కత్తితో అమ్మ కంద కోస్తుంటే, కత్తి దిగక జారి ఎడమచేతి బొటనవేలు తెగింది. నాలుగు కుట్లు. అమ్మకి షుగర్, మానడానికి నెల పైనే పట్టింది. నేనేమో బెంగళూరులో రిలీజ్ హడావిడిలో ఉన్నా. ఫోన్లో అమ్మ ఒక్కటే మాటంది. "అది ఉల్లిపాయే తెగని కత్తిరా, నా వేలు మాత్రం బాగా తెగింది."

కత్తుల గురించి చదవడం అలా మొదలెట్టా. తప్పు చేసినవాడి చదువు ఎలా ఉంటుందో తెలుసుగా, అర్ధరాత్రి దాకా సాగుతుంది. మొదట్లో "తక్కువ ఖరీదులో మంచి కత్తి ఏది" అని వెతికితే బ్రాండ్ల పేర్లే వచ్చాయి. కాస్త లోతుకి వెళ్తే చరిత్ర తగిలింది. అసలు సమాధానం అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు మన కత్తిపీట సంగతి. అక్కడ కత్తి కదలదు, కూరగాయ కదులుతుంది. పీటని కాలితో తొక్కిపట్టి రెండు చేతుల్తో కాయని అంచుకేసి నెట్టడమే. కన్నడిగుల ఈళిగెమణె, తమిళుల అరువామణై, మరాఠీల విళీ, బెంగాలీల బోటీ అన్నీ దీని అక్కచెల్లెళ్ళే. మా అమ్మమ్మ కాలంలో మా ఊరి కమ్మరి పాత లారీ కమాను పట్టీ కోసి దాని బద్ద చేశాడట. కమాను పట్టీ ఉక్కులో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. ఈ అంకె కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

కత్తికి ప్రాణం కార్బనే. అది తక్కువైతే ఎంత కాల్చి చల్లార్చినా ఇనుము గట్టిపడదు, అంచు నిలవదు. మరీ ఎక్కువైతే గాజులా పెళుసు. ఈ రహస్యం మనవాళ్ళకి బాగా తెలుసు. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కొలిమివాళ్ళు ఇనుప ముక్కల్ని మట్టి మూసల్లో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి ఉక్కు ముద్దలు తీసేవాళ్ళు. 1820ల్లో సర్వే వాళ్ళతో తిరుగుతున్న హెన్రీ వాయ్సీ అనే డాక్టరు (భూగర్భ శాస్త్రం కూడా చూసేవాడు) ఆ ఊరు వెళ్ళి చూసి రాశాడు. ఆయన చనిపోయాక, 1832లో అది అచ్చయింది. ఆయనకక్కడ ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియన్ వర్తకుడు కనిపించాడు. ఆ ఉక్కు కోసమే అంత దూరం వచ్చి, దగ్గరుండి పని చూసుకుంటున్నాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే క్లయింటే ఆఫ్‌షోర్‌కొచ్చి కూర్చున్నాడన్నమాట!

ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' మాటే వాళ్ళ నోట్లో పడి అలా అయిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. 1795లో జార్జ్ పియర్సన్ దీని మీద రాయల్ సొసైటీలో ఒక పత్రం సమర్పించాడు. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అని కత్తులూ, డాక్టర్ల పరికరాలూ చేసే ఆయన దీనికి వీరాభిమాని. తను వూట్జ్ వాడతానని దుకాణం కార్డు మీదే అచ్చేయించుకున్నాడు. ఆయన మైఖేల్ ఫారడేతో కలిసి ఈ ఉక్కు గుట్టు కనిపెట్టాలని కూర్చున్నాడు. అవునండీ, మన కరెంటు ఫారడేనే. వాళ్ళ నాన్న కమ్మరి. ఇద్దరూ ఉక్కులో వెండి, ప్లాటినం, ఇంకా ఏవేవో కలిపి చూశారు. క్రోమియం కూడా కలిపారు, కానీ చాలా కొద్దిగా. ఇంకాస్త కలిపి ఉంటే కథ ఎటు తిరిగేదో!

ఆ 'ఇంకాస్త' కలపడానికి 1913 దాకా ఆగాల్సొచ్చింది. షెఫీల్డ్‌లో హారీ బ్రెర్లీకి ఇచ్చిన పని వంటింటిది కానే కాదు. తుపాకీ గొట్టాలు లోపల త్వరగా అరిగిపోతున్నాయి, ఏదన్నా చెయ్యమన్నారు. ఆయన దాదాపు 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్‌తో ఒక ఉక్కు పోయించాడు. మైక్రోస్కోపులో చూడ్డానికి యాసిడ్‌తో తుడిస్తే దానికి చీమ కుట్టినట్టైనా లేదు. దీంతో టేబుల్ కత్తులు చేస్తే తుప్పు పట్టవని ఆయనకి వెంటనే తట్టింది. షెఫీల్డ్ కత్తుల వ్యాపారులకి మాత్రం తట్టలేదు. "తెగని కత్తులు కనిపెట్టినాయన" అని వెటకారం చేశారు. చివరికి ఎర్నెస్ట్ స్టువర్ట్ అనే కత్తుల మేనేజరు వెనిగర్‌తో పరీక్షించి, మరక పట్టకపోవడం చూసి, దీనికి 'స్టెయిన్‌లెస్' అని పేరు పెట్టాడు.

ఆ వెటకారంలో కొంత నిజం లేకపోలేదు. 0.24 శాతం కార్బన్ కత్తికి చాలా తక్కువ, అందులోనూ కొంత క్రోమియంతో జట్టు కట్టేస్తుంది. తుప్పు పట్టకపోవడానికీ, పదును నిలవడానికీ మధ్య గొడవ అక్కడ మొదలైంది. అది తేలడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈరోజు జర్మన్ తరహా వంటింటి కత్తుల్లో ఎక్కువగా కనిపించే ఉక్కు నంబరు 1.4116. కార్బన్ 0.5 శాతం దగ్గర, క్రోమియం దాదాపు 15. చూశారా, తిరిగి తిరిగి మా ఊరి కమ్మరి వాడిన కమాను పట్టీ కార్బన్ దగ్గరికే వచ్చారు, తుప్పు మాత్రం వదిలించుకున్నారు. నేను తెచ్చిన లాంటి చవక సెట్లలో చాలావాటికి కార్బన్ 0.3 దగ్గరే ఆగిపోతుంది. అందుకే అంచుకి సన్నని రంపపు పళ్ళు పెడతారు. "సాన పట్టక్కర్లేదు" అంటే అర్థం ఏంటో నాకప్పుడు తెలిసింది. ఆ పళ్ళకి మామూలు రాయితో సాన పట్టలేం!

ఇక బ్రాండు మోజు గురించి. ఇప్పుడు 'జర్మన్ కత్తి' అంటే కళ్ళు మూసుకుని కొంటాం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వ్యవహారం తిరగబడి ఉండేది. జర్మనీలోని జోలింగెన్ నుంచి షెఫీల్డ్ ముద్ర వేసుకున్న చవక కత్తులు వచ్చిపడుతున్నాయని షెఫీల్డ్‌వాళ్ళు గగ్గోలు పెట్టారు. దాని ఫలితంగా 1887లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. విదేశీ సరుకు ఎక్కడ తయారైందో దాని మీద రాయాలి. 'మేడ్ ఇన్ జర్మనీ' అనే ముద్ర అలా, నాసిరకం అని హెచ్చరించడానికి పుట్టింది. కొన్నేళ్ళకే అదే గొప్ప అయిపోయింది. 1938లో జోలింగెన్‌వాళ్ళే తమ ఊరి పేరు ఇంకెవరూ వాడకుండా చట్టం చేయించుకున్నారు. కాబట్టి ఎవరైనా "చైనా కత్తా?" అని మూతి విరిస్తే నాకు షెఫీల్డ్ గుర్తొస్తుంది. చూడాల్సింది దేశం పేరు కాదు, ఉక్కు నంబరు. నంబరు రాయని కత్తి నేను కొనను.

జపాన్ సంగతి క్లుప్తంగా. 1876లో సమురాయ్‌లు కత్తి ధరించి తిరగడం నిషేధించాక, చాలామంది ఖడ్గాలు చేసేవాళ్ళు వంటింటి కత్తుల వైపు మళ్ళారు. ఆ కత్తులు అద్భుతం, కాదనను. కానీ ఎక్కువ గట్టివి, అంచు పల్చన. మునక్కాడ, కంద, కొబ్బరి దగ్గరకొచ్చేసరికి అంచు పెచ్చులూడే ప్రమాదం ఉంది. మన వంటకి కాస్త మెత్తని జర్మన్, స్విస్ రకమే నయమని నా లెక్క. అందులోనూ సమ్మెటతో కొట్టి చేసిన బరువు కత్తే కావాలని లేదు, రేకులోంచి కోసి చేసిందైనా చాలు. విక్టోరినాక్స్ ప్లాస్టిక్ పిడి కత్తులు అలాంటివే. అమెరికాలో హోటల్ వంటిళ్ళలో అవే కనిపిస్తాయి.

ఇంతకీ నేనేం కొన్నానంటారా? ఎనిమిదంగుళాల కత్తి ఒకటి, పచ్చిమిరపకాయలకీ వెల్లుల్లికీ చిన్నది ఒకటి, హార్డ్‌వేర్ షాపులో ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉండే సానరాయి ఒకటి. అంతే. ఆ రాయి వెనక కూడా కథుంది. 1890ల్లో ఎడ్వర్డ్ ఎచిసన్ అనే అమెరికన్ కృత్రిమ వజ్రాలు చెయ్యబోయి, చేతికొచ్చిన గట్టి పదార్థానికి కార్బొరండం అని పేరు పెట్టాడు. వజ్రం దొరకలేదు గానీ సాన దొరికింది. సాన పట్టడం కష్టమేం కాదు. కత్తిని నిలువుగా పెట్టి, సగం వంచి, మళ్ళీ అందులో సగం వంచితే ఇరవై డిగ్రీల చిల్లర. ఆ వాలులోనే రుద్దాలి. రెండోవైపు అంచు పొడుగునా వేలికి గరుకు తగిలాక తిప్పి రుద్దాలి. నాకు కుదరడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. మా అమ్మమ్మ ఇవేవీ చదవలేదు, కత్తి మొద్దుబారితే రోటి అంచుకేసి నాలుగుసార్లు రుద్దేది.

ఆ పధ్నాలుగు ముక్కల సెట్టులో ఇప్పటికీ వాడుతున్నది కత్తెర ఒక్కటే.

ఆమధ్య ఊరెళ్ళినప్పుడు కమ్మరి కొట్టు కోసం చూశా. ఇప్పుడది వెల్డింగ్ షాపు, వాళ్ళబ్బాయి నడుపుతున్నాడు. కత్తిపీట చేస్తావా అంటే, "కమాను పట్టీ తెచ్చివ్వండన్నా, నాన్న కూర్చుని చెప్తాడు, నేను కొడతా" అన్నాడు. ఉత్సాహంగా అక్కణ్ణించే అమ్మకి ఫోన్ చేశా.

"ఇప్పుడు నేను కింద కూర్చోగలనట్రా? మోకాళ్ళు ఎక్కడున్నాయి నాకు? ఆ పెద్ద కత్తి మళ్ళీ మొద్దుబారింది, ఆదివారం వచ్చి సాన పట్టి పో" అంది.