హస్తవాసా? కారణమా?

భిలాయి సెక్టర్ 7లో మా క్వార్టర్ పక్కింటివాళ్లూ తెలుగువాళ్లే. కొన్నేళ్ల క్రితం ఒక స్లిప్పర్ ఆర్కిడ్ తెచ్చి, దుబ్బు రెండుగా చీల్చి, సగం పక్కింటి పిన్నిగారికి ఇచ్చాను. పువ్వు ముందు చెప్పు మొనలాంటి చిన్న సంచి ఉంటుంది కనుక ఆ పేరు. మూడేళ్లకు ఆవిడ మొక్క నా మొక్కకు రెండింతలైంది. "పిన్నిగారిది మంచి హస్తవాసి" అన్నారు అందరూ. ఒక పెద్దాయన మాత్రం "నీ మొక్క పుట్టుకే అంత" అని తేల్చేశారు.

రెండూ ఒకే మొక్క ముక్కలు కదా! పుట్టుకలో తేడా ఎక్కడిది?

ఈ చిక్కు విప్పినవి బీన్స్ గింజలు. డెన్మార్క్‌కు చెందిన విల్‌హెల్మ్ జోహాన్సన్ తన పుప్పొడితో తానే ఫలించే బీన్స్ మొక్కలను తీసుకుని 19 శుద్ధ వంశాలు పెంచాడు. ఒకే వంశంలోని పెద్ద గింజలనూ చిన్న గింజలనూ ఏరి విడివిడిగా నాటాడు. రెండింటి సంతానానికీ సగటు బరువు దాదాపు ఒకటే వచ్చింది! అంటే ఆ వంశం లోపల కనిపించిన చిన్నా పెద్దా తేడా నేల, నీరు, ఎండ తెచ్చినదే. అది వారసత్వంగా పోదు. 1903లో ఈ ఫలితాలు ప్రచురించాడు. 1909లో 'జీన్', 'జీనోటైప్', 'ఫీనోటైప్' అనే మాటలు పుట్టించాడు. లోపల ఉన్నది వేరు, పైకి కనిపించేది వేరు అని చెప్పడానికే ఆ చివరి రెండు మాటలు.

అలాగని పుట్టుకకు పాత్రే లేదనడం కూడా అశాస్త్రీయమే. మేఘాలయ ఖాసీ కొండల స్లిప్పర్ ఆర్కిడ్ 'ఇన్‌సిగ్నే'ను చూడండి. 1821లోనే దాని వర్ణన అచ్చయింది. మామూలు మొక్కలో 26 క్రోమోజోములుంటాయి. 'హేర్‌ఫీల్డ్ హాల్' అనే పేరున్న రకంలో రెండు సెట్లకు బదులు మూడు, అంటే 39. ఆ రకం భారీగా పెరుగుతుంది, పువ్వూ పెద్దదే. ఎన్నిసార్లు చీల్చి నాటినా ఆ లక్షణం వెంట వస్తుంది. ఇక గింజల నుంచి పెంచితే, ఒకే కాయలోని పిల్లమొక్కలు కూడా ఒకదానికొకటి తేడాగా ఉంటాయి.

మరి ఒక మొక్క చిన్నగా ఉంటే కారణం ఏదని తేల్చడం ఎలా? రెండింటినీ ఒకేచోట, ఒకే మట్టిలో, ఒకే నీటితో కొన్నేళ్లు పెంచి చూడాలి. అంతకుమించి దగ్గరదారి లేదు.

నేనదే చేశాను. నా కుండీ పడమటి వరండాలో వడగాలికి మాడేది. పిన్నిగారిది జామచెట్టు నీడలో, కూలర్ తడిగాలి తగిలే కిటికీ దగ్గర ఉండేది. నా కుండీనీ అక్కడికే మార్చాను. పాత ఆకులు పెరగలేదు కానీ, తర్వాత వచ్చిన పిలకలు పిన్నిగారి మొక్క పిలకలంత అయ్యాయి. ఒక్క జత మొక్కలతో సిద్ధాంతం రుజువైపోదు, నిజమే. కానీ హస్తవాసి అన్నవాళ్లు ఆ ఒక్క పరీక్షయినా చేయలేదు!

ఇంట్లో స్తోమత లేక జోహాన్సన్ విశ్వవిద్యాలయానికి వెళ్లలేకపోయాడు. మందుల దుకాణంలో పని నేర్చుకున్నాడు. ఆ మనిషే తర్వాత కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయ్యాడు. మనుషుల విషయంలో మనం ఎంత తేలిగ్గా "పుట్టుకే అంత" అనేస్తాం! అలా అనేముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: అందరి కుండీలూ ఒకే నీడలో ఉన్నాయా?