ఇంటి ఫ్రీజరు పొదుపు లెక్క: అమెరికా అనుభవ చరిత్ర

వంటింట్లో ఉండే ఫ్రిజ్‌కు తోడుగా, ఆహారాన్ని నెలల తరబడి గడ్డకట్టించి దాచడానికే విడిగా కొనే యంత్రాన్ని అమెరికాలో హోమ్ ఫ్రీజర్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పది పదిహేనేళ్లలోనే అది అక్కడి లక్షల ఇళ్లకు చేరింది. అమ్మకందారులు అన్నిటికన్నా గట్టిగా చెప్పిన మాట ఏమిటంటే, దాన్ని కొన్న ఇంటికి తిండి ఖర్చులో డబ్బు మిగులుతుందని. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, అలాగని అన్ని ఇళ్లకూ నిజం కాదు. సొంత పశువు, సొంత పెరడు ఉన్న రైతు కుటుంబం విషయంలో పుట్టిన లెక్కను, ప్రతి వస్తువూ అంగడిలో కొనుక్కునే పట్నవాసానికి ఉన్నదున్నట్టుగా అంటగట్టడం వల్ల ఏం జరిగిందన్నదే ఈ యంత్రం చరిత్రలో గమనించదగిన అంశం.

పంట చేతికొచ్చిన రోజుల్లో పుష్కలంగా, చవకగా దొరికేదాన్ని దొరకని రోజుల కోసం దాచుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. తెలుగు నాట ఊరగాయలు, వరుగులు, వడియాలు, ఎండుచేపలు ఆ పని చేస్తే, అమెరికా పల్లెల్లో చలికాలం మొదట్లో పందిని కోసి ఆ మాంసాన్ని ఉప్పులో ఊరవేసి పొగబెట్టేవారు. 1858లో జాన్ మేసన్ పేటెంటు పొందిన మరమూత గాజు సీసాలు వచ్చాక పళ్లను, కూరగాయలను ఉడికించి వాటిలో బిగించి ఉంచేవారు. ఈ పద్ధతులన్నిటిలోనూ ఖర్చు ప్రధానంగా ఇంటి ఆడవారి శ్రమ రూపంలో ఉండేది, ఒకసారి పని పూర్తయితే సరుకు అటక మీద ఉన్నన్నాళ్లు దానికి అదనంగా పైసా పెట్టనక్కర్లేదు. గడ్డకట్టించి దాచే పద్ధతి ఇక్కడే వేరు. దానిలో సరుకు ఉన్న ప్రతి రోజూ చలికి వెల కట్టాలి.

గడ్డకట్టిన ఆహారానికి మంచి రుచి ఉంటుందన్న నమ్మకం కలిగించిన వ్యక్తి క్లారెన్స్ బర్డ్స్‌ఐ. నెమ్మదిగా గడ్డకట్టిన మాంసంలో పెద్ద పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాల పొరలను చీలుస్తాయి, కరిగించినప్పుడు రసమంతా కారిపోయి మాంసం పీచుగా మిగులుతుంది. చాలా వేగంగా గడ్డకడితే స్ఫటికాలు సన్నగా ఉండి ఆ నష్టం తగ్గుతుంది. 1912 నుంచి కొన్నేళ్లపాటు నేటి కెనడాలోని లాబ్రడార్‌లో ఉన్న బర్డ్స్‌ఐ, అక్కడి ఇన్యూట్ ప్రజలు పట్టిన చేప ఆ గడ్డు చలిగాలికి క్షణాల్లో బిగుసుకుపోవడం, నెలల తరువాత వండినా తాజాగా ఉండడం గమనించి, 1920లలో అదే ఫలితాన్నిచ్చే యంత్రాన్ని రూపొందించాడు. 1929లో అతని వ్యాపారం, పేటెంట్లు 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి. 1930 మార్చిలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో ఆ సరుకు తొలిసారి చిల్లర అమ్మకానికి వచ్చింది. అయితే కొన్నవారు దాన్ని ఇంట్లో నిల్వ చేసే వీలు అప్పటికి లేదు. ఆనాటి ఫ్రిజ్‌లలో మంచుముక్కల అర తప్ప మరో చోటు లేకపోవడంతో సరుకును ఒకటి రెండు రోజుల్లో వండుకోవలసి వచ్చేది.

పల్లెల్లో ఈ లోటును తీర్చినవి లాకర్ ప్లాంట్లు, అంటే అరలవారీగా అద్దెకిచ్చే ఊరుమ్మడి శీతల గిడ్డంగులు. 1930లలో ఆయోవా, మిన్నెసోటా, వాషింగ్టన్ వంటి వ్యవసాయ రాష్ట్రాల చిన్న ఊళ్లలో ఇవి వేగంగా పెరిగి, 1940ల చివరికి దేశం మొత్తం మీద పది వేలు దాటాయి. వీటిలో కొన్నిటిని రైతుల సహకార సంఘాలు నడిపాయి. రైతు తన దూడనో పందినో తెస్తే, దాన్ని కోసి, ఎద్దుమాంసమైతే నీరు గడ్డకట్టే స్థాయికి కాస్త పైనుండే చలిలో వారం పది రోజులు వేలాడదీసి మెత్తబడనిచ్చి, కుటుంబం ఒక పూటకు వండుకునేంత ముక్కలుగా చేసి, మైనం పూసిన కాగితంలో చుట్టి, ప్రతి పొట్లం మీదా లాకరు సంఖ్య, మాంసం రకం ముద్ర వేసి, అతిశీతల గదిలో గడ్డకట్టించి, చివరికి రైతు పేరిట ఉన్న అరలో పెట్టి తాళం వేసేవారు. ఆ గది చలి సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ దగ్గర ఉండేది. వారానికి ఒకసారి ఊళ్లోకి వచ్చినప్పుడు ఇంటివారు తాళం తీసి కావలసిన పొట్లాలు పట్టుకెళ్లేవారు. సుమారు 250 పౌన్ల ఆహారం పట్టే అరకు ఏడాది అద్దె పది పదిహేను డాలర్ల మధ్య ఉండేది, కోత, చుట్టుడు ఖర్చులు వేరు.

లాకరు వల్ల కలిగిన పొదుపు ఎక్కడి నుంచి వచ్చిందో గమనించాలి. రైతు తన పశువును సంతలో అమ్మి, తరువాత అదే మాంసాన్ని కసాయి కొట్లో కొంటే, మధ్యలో రవాణా, దళారీ, టోకు, చిల్లర వ్యాపారుల లాభాలన్నీ అతని జేబులోంచే పోతాయి. సొంత పశువును తానే తింటే అవన్నీ మిగులుతాయి. వేసవిలో పెద్ద పశువును కోస్తే చెడిపోతుందన్న భయం పోవడం, పెరట్లో ఒక్కసారిగా కాసిన బఠాణీ, చిక్కుడు, స్ట్రాబెర్రీ పారబోయనక్కర్లేకపోవడం దీనికి తోడు. కాబట్టి డబ్బు మిగిల్చింది చలి కాదు, అంగడిని తప్పించగలగడం. చలి దానికి సాధనం మాత్రమే.

ఫ్రీజరు రైతు ఇంటికే రావడానికి ముందు కరెంటు రావలసి ఉంది. 1930ల నడుమ అమెరికాలో సుమారు పదింట ఒక వ్యవసాయ కుటుంబానికే విద్యుత్తు ఉండేది. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఏర్పరచిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ సహకార సంఘాలకు అప్పులిచ్చి తీగలు వేయించడంతో, 1950ల నడుమకు పదింట తొమ్మిదికి పైగా ఇళ్లు వెలిగాయి. ఈలోగా యుద్ధం వచ్చింది. తగరం, మాంసం సైన్యానికి అవసరమైనందున 1943 మార్చిలో డబ్బా ఆహారానికి, అదే నెలాఖరులో మాంసానికి రేషను పెట్టారు. పెరటి తోటలు వేసుకొమ్మని ప్రభుత్వమే ప్రచారం చేసింది. సొంతంగా పండించి దాచుకోవడం దేశభక్తిగా అలవాటైన జనానికి, యుద్ధం ముగియగానే కర్మాగారాలు ఇంటి ఫ్రీజర్లు చేసి చూపాయి.

ట్రాక్టర్లు చేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్, ఆయోవాలోని అమానా వంటి కంపెనీలు ఈ రంగంలోకి దిగాయి. కొత్తలో ఫ్రీజరు ఎంత అపురూపమో 1949లో సెనేట్ సంఘం జరిపిన ఒక విచారణ తెలియజేస్తుంది: అధ్యక్షుడు ట్రూమన్ సైనిక సహాయకుడు హ్యారీ వాన్ 1945లో కొన్ని డీప్ ఫ్రీజర్లను కానుకగా అందుకుని పెద్దలకు పంచాడనీ, వాటిలో ఒకటి అధ్యక్షుడి సొంత ఇంటికే చేరిందనీ తేలి పెద్ద దుమారం రేగింది. మామూలు కుటుంబానికి ఇది చిన్న కొనుగోలు కాదు. 1950లో కుటుంబాల మధ్యస్థ వార్షికాదాయం 3,300 డాలర్ల ప్రాంతంలో ఉండగా, ఒక మోస్తరు ఫ్రీజరు రెండు వందల నుంచి నాలుగు వందల డాలర్ల దాకా పలికేది.

ఈ దశలో లెక్క వేసి చూసుకోమని జనానికి చెప్పినవారు వ్యవసాయ శాఖలోని, రాష్ట్ర వ్యవసాయ కళాశాలల్లోని గృహవిజ్ఞాన నిపుణులు. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం ద్వారా ఏర్పడిన విస్తరణ సేవలలో భాగంగా వీరు ఊరూరా తిరిగి, చిన్న పుస్తకాలు ప్రచురించి, ఫ్రీజరు కొనేముందు ఏయే ఖర్చులు చూడాలో వివరించారు. యంత్రం ధరను అది పనిచేసే సంవత్సరాలకు పంచగా వచ్చే తరుగుదల, దానిలో ఇరుక్కున్న సొమ్ముకు వడ్డీ, మరమ్మతు, కరెంటు, పొట్లాలకయ్యే సామాను ఆ ఖర్చుల్లో ముఖ్యమైనవి.

నాటి ధరల స్థాయిలో ఒక ఉదాహరణ తీసుకుంటే వారి వాదం తేటపడుతుంది. పదహారు ఘనపుటడుగుల ఫ్రీజరు వెల 300 డాలర్లు, ఆయుష్షు పదిహేనేళ్లు అనుకుంటే తరుగుదల ఏడాదికి 20 డాలర్లు; వడ్డీ 6, మరమ్మతు 6, వెయ్యి యూనిట్ల కరెంటు యూనిట్ రెండున్నర సెంట్ల చొప్పున 25, వెరసి 57 డాలర్లు. ఘనపుటడుగుకు 35 పౌన్లు పడతాయన్న వాడుక సూత్రం ప్రకారం దానిలో 560 పౌన్లు పడతాయి. పౌనుకు రెండు సెంట్ల కాగితం ఖర్చు కలిపి, ఏడాదికి ఒక్కసారి నింపి ఖాళీ చేస్తే పౌనుకు సుమారు 12 సెంట్లు, రెండుసార్లు నింపితే 7 సెంట్లు, సగమే నింపితే 22 సెంట్లు పడుతుంది. 1955లో మాంసం కైమా చిల్లర ధరే పౌను 40 సెంట్లు. సగం ఖాళీగా ఉన్న ఫ్రీజరులో దాచిన కైమా, ఎంత తక్కువకు కొన్నా, సగానికి సగం ఖరీదు పెరిగిపోతుందన్నమాట. ఫ్రీజరు ఖర్చులో అధికభాగం దానిలో ఏమీ లేకపోయినా తప్పనిది కావడమే దీనికి మూలం. అదే లాకరుకైతే ఒక్కసారి నింపినా పౌనుకు నాలుగు నుంచి ఆరు సెంట్ల అద్దెతో సరిపోయేది. ఇంటి ఫ్రీజరు లాకరును ఓడించింది చవకతనంతో కాదు, ఊళ్లోకి వెళ్లే పని తప్పించి, కావలసినప్పుడు చేతికందే సౌకర్యంతో.

అమ్మకందారులకు ఈ వివరణ పనికిరాదు. 1950ల మొదట్లో ఫ్రీజర్ ఫుడ్ ప్లాన్ అనే పథకాలు పుట్టుకొచ్చాయి: ఇంటింటికీ తిరిగే ఏజెంటు ఫ్రీజరునూ, దానిలో నింపడానికి కొన్ని నెలల ఆహారాన్నీ కలిపి వాయిదాల మీద అమ్మేవాడు, టోకు ధరకే తిండి దొరుకుతుంది గనుక ఆ మిగులుతోనే ఫ్రీజరు బాకీ తీరిపోతుందనీ, అంటే యంత్రం ఉచితంగా వచ్చినట్టేననీ నచ్చజెప్పేవాడు. ఆచరణలో ఫ్రీజరు ధరను పెంచి, తిండి ధరను టోకు అన్న పేరుతో చిల్లరకు దగ్గరగా ఉంచి, రెండిటి మీదా వడ్డీ రాబట్టిన పథకాలు చాలా ఉండడంతో, వినియోగదారుల ఫిర్యాదులు వినే బెటర్ బిజినెస్ బ్యూరోలు హెచ్చరికలు జారీ చేయగా, వ్యాపార మోసాలను అరికట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కొందరిపై చర్యలు తీసుకుంది.

పశువులో సగభాగాన్ని ఒకేసారి కొనే బేరంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. వేలాడదీసిన బరువు మీద పౌనుకు చెప్పే ధర తక్కువగా కనిపిస్తుంది గానీ, ఎముక, కొవ్వు, ఆరుదల పోను వంటకు వచ్చేది సాధారణంగా మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకానే. పైగా మేలైన ముక్కలతో పాటు ఇంట్లో ఎవరూ ఇష్టపడని ముక్కలూ వస్తాయి. సొంత పశువును కోసుకునే రైతుకు ఈ తరుగు కొత్త కాదు; కాగితం మీద ధర చూసి కొన్న పట్నవాసికి అది ఇంటికొచ్చాకే తెలిసేది.

అయినా ఫ్రీజరు వ్యాప్తి ఆగలేదు. 1960 నాటికి దాదాపు ఐదింట ఒక అమెరికన్ ఇంట్లో అది ఉంది. లాకర్ ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, మిగిలినవి మాంసం కోసి చుట్టిచ్చే పనితో బతికాయి. 1973లో మాంసం ధరలు మండిపోయి, నిక్సన్ ప్రభుత్వం గరిష్ఠ ధర విధించి, గృహిణులు మాంసం కొనుగోళ్లను బహిష్కరించిన రోజుల్లో ఫ్రీజర్ల గిరాకీ మళ్లీ ఎగిసింది. ఆ వెంటనే చమురు సంక్షోభంతో కరెంటు బిల్లులూ పెరిగాయి. ఆనాటి సగటు ఫ్రీజరు ఏడాదికి వెయ్యి యూనిట్లకు మించి తాగేది. ముందు కాలిఫోర్నియా, తరువాత 1987 చట్టం ద్వారా దేశమంతటా ఇలాంటి యంత్రాల విద్యుత్ వాడకంపై పరిమితులు రావడంతో, మూత పైకి తెరుచుకునే నేటి మధ్యతరహా ఫ్రీజరు రెండు మూడు వందల యూనిట్లతో సరిపెట్టుకుంటుంది. దీనితో లెక్కలో కరెంటు వాటా బాగా తగ్గింది గానీ, ఖాళీగా ఉంచితే దండుగ అన్న మూలసూత్రం మారలేదు.

బ్రిటన్‌లో కథ మరో దారి పట్టింది. అక్కడ 1968లో మొదలైన బెజామ్, 1970లో మొదలైన ఐస్‌లాండ్ వంటి దుకాణాలు గడ్డకట్టిన ఆహారాన్ని పెద్ద సంచుల్లో అమ్ముతూ, ఫ్రీజరును పట్నపు మధ్యతరగతి వస్తువుగానే పరిచయం చేశాయి. అమెరికాలోనూ 1976లో ప్రైస్ క్లబ్, 1983లో కాస్ట్‌కో మొదలై టోకు సంచుల అమ్మకం పెరిగాక, దుకాణదారుడు తన గిడ్డంగిలో భరించవలసిన నిల్వ ఖర్చులో కొంత కొనేవాడి గ్యారేజీకి, అతని కరెంటు మీటరుకు బదిలీ అయింది. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో పలువురి గ్యారేజీ ఫ్రీజరులో మేకమాంసం, ములక్కాడ ముక్కలు, కొబ్బరి కోరు, గోంగూర ఉంటాయి. ఇండియన్ స్టోరు దూరంగా ఉన్నచోట రానుపోను పెట్రోలు, ఆ పూట సమయం కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి ధరలో తేడా లేకపోయినా ఆ ఫ్రీజరు తన ఖర్చు తాను రాబట్టుకోవచ్చు.

ఈ చరిత్ర నుంచి తేలేది ఇది. ఫ్రీజరు తనంతట తాను పొదుపు చేయదు. ఇంటికి అంతకుముందే ఉన్న మిగులును కాపాడుతుంది. పంటో, పశువో, వేటో, వీలైనప్పుడు ఒకేసారి కొనగల స్తోమతో, వండి దాచే ఓపికో ఉన్నవారికి అది లాభం. అవేవీ లేనివారికి అది మరో బిల్లు. నేటికీ అమెరికాలో సుమారు మూడో వంతు ఇళ్లలోనే విడి ఫ్రీజరు ఉండడం, అది నగరాల అపార్టుమెంట్లలో కన్నా పల్లె ఇళ్లలో ఎక్కువగా కనిపించడం, లాకరు కాలంలో రైతులు వేసుకున్న లెక్కే చివరికి నిలిచిందని తెలియజేస్తుంది.