దూరదర్శనమున అపరాధపరిశోధన కథలు



శంషాబాదు పేరు వినినంతనే నేటివారికి విమానములు జ్ఞప్తికి వచ్చును. 2008వ సంవత్సరము మార్చి మాసమున అచ్చట విమానాశ్రయము తెరవబడినది. దాదాపు 5,500 ఎకరముల నేల దాని క్రిందికి పోయినది. ఆ నేలను దున్నినవారును, దున్నినవారి బిడ్డలును మీలో నుండవచ్చును. కాని నేడు నేను చెప్పబూనినది విమానముల ముచ్చట కాదు. ఆ ప్రాంతముననే ఒక ముదుసలి మిత్రుని యింట కూర్చుండి, దూరదర్శన యంత్రమునందు చూచిన కొన్ని అపరాధపరిశోధన కథలను గూర్చియు, వాని వెనుకనున్న చరిత్రను గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ యంత్రము మన పల్లెలకు మొదట వినోదమునకై రాలేదు. 1975 ఆగస్టు మొదలుకొని 1976 జూలై వరకు, అమెరికావారి ఉపగ్రహము నొకదానిని ఎరవు తెచ్చుకొని, మన ప్రభుత్వమువారు ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు బొమ్మలను పంపిరి. ఆంధ్రప్రదేశము ఆ యారింటిలో నొకటి. పైరుపంటలు, ఆరోగ్యము, పిల్లల చదువు, ఇవియే నాటి ముఖ్యవిషయములు. 1977లో హైదరాబాదున దూరదర్శన కేంద్రము నెలకొనెను. కథలు, నాటకములు, చలనచిత్రములు ఇంటింట జొరబడుట అటుపిమ్మటి మాట.

అపరాధపరిశోధన కథలు మాత్రము మనకు అంతకంటె చాల పాతవి. వంగభాషలో పాంచకడీదేవు వ్రాసిన నవలలు తెనుగునకు వచ్చి యొక తరమును నిద్రపోనీయలేదు. పిదప కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరు, ఆతని సహాయకుడు రాజు వచ్చిరి. పాఠ్యపుస్తకము నడుమ ఆ చిన్న నవలను దాచుకొని చదివి, పట్టుబడి, చెవి మెలిపెట్టించుకొన్నవారు మీలో లేరా? అట్టి పుస్తకములు చెడగొట్టునని నాటి పెద్దల నమ్మకము. నేను దానితో ఏకీభవింపను.

1993లో ఢిల్లీ దూరదర్శనమువారు బ్యోమకేశ బక్షీ కథలను హిందీలో చూపిరి. శరదిందు బంద్యోపాధ్యాయుడు 1932లో సృజించిన పాత్ర యది. బాసు చటర్జీ దర్శకుడు. రజిత్ కపూర్ కథానాయకుడు. ఉరుదూ మాటలకు అలవడిన మన ప్రాంతపు వారికి ఆ హిందీ అడ్డు కాలేదు. బ్యోమకేశునకు డిటెక్టివు అను పేరు గిట్టదు. తాను సత్యాన్వేషి నని చెప్పుకొనును. పంచె కట్టి, ఇంట టీ త్రాగుచు, నెమ్మదిగా ఆలోచించు మనుష్యుడు. పరుగులు లేవు, పిస్తోలు మ్రోతలు మిక్కిలి తక్కువ. నాకు నేటికిని అదియే యిష్టము.

ఇక ఈ కథలన్నిటికి పెద్దన్నగా నిలిచిన షెర్లాకు హోమ్సు సంగతి. ఆర్థరు కానన్ డాయిలు వ్రాసిన మొదటి హోమ్సు కథ 1887లో వెలువడెను. అందు కథ చెప్పు డాక్టరు వాట్సను ఆఫ్గనిస్థాను యుద్ధమున గాయపడి తిరిగివచ్చినవాడు. 2010లో ఇంగ్లండునందలి బి.బి.సి. వారు ఈ కథలను నేటి కాలమునకు మార్చి చూపినపుడు, గుఱ్ఱపుబండ్లకు మారుగా మోటారులు, తంతివార్తలకు మారుగా సెల్‌ఫోనులు పెట్టవలసివచ్చినది. వాట్సను పుట్టుక మాత్రము మార్పనక్కరలేకపోయినది. నూటయిరువది యేండ్ల పిదపను ఇంగ్లండు సైనికులు ఆఫ్గనిస్థానముననే గాయపడుచుండిరి! చరిత్ర యొక్క యీ చేదు వేళాకోళమును ఏ రచయితయు కల్పింపజాలడు.

పాత కథ తెలిసినవారికి క్రొత్త బొమ్మలో మరియొక సరదా కలదు. మొదటి కథలో చనిపోయినవాని ప్రక్కన గోడపై నెత్తురుతో ‘రాచె’ అని వ్రాసి యుండును. పోలీసువాడు దానిని ‘రాచెల్’ అను స్త్రీ పేరు సగములో నిలిచిన దనును. కాదు, జర్మను భాషలో పగ అని దాని కర్థ మని హోమ్సు చెప్పును. క్రొత్తదానిలో పోలీసువాడే జర్మను అర్థము చెప్పును. హోమ్సు రాచెల్ అనునదే సరి యనును. చిందు భాగవతులు తెలిసిన కథలోనే ఒక మాట తిప్పి, ముందు కూర్చున్న పెద్దలను నవ్వించుట లేదా? ఇదియు నట్టిదే. మూలము నెరిగి తిప్పిన తిరుగుడు ముచ్చటగా నుండును. ఎరుగక తిప్పినది కథను చంపును.

నేను మిత్రుని యింట చూచినది మరియొకటి. 1984లో గ్రెనడా సంస్థవారు తీయగా, జెరెమీ బ్రెట్టు హోమ్సుగా నటించిన ‘చుక్కల పట్టీ’. మూలకథ 1892 నాటిది. అందు ఒక వైద్యుడు పూర్వము కలకత్తాలో నుండి, కోపమున తన యింటి నౌకరును కొట్టి చంపి, శిక్ష ననుభవించి ఇంగ్లండునకు తిరిగివచ్చినవాడు. సవతికూతుండ్ర ఆస్తి కాశించి, హిందూదేశపు విషసర్పమును ఈలవేసి పిలుచుచు, పాలుపోసి పెంచుచు, గోడ కన్నము గుండ త్రాటిమీదుగా పంపి చంపించును. మా మిత్రుడు ఇది చూచి పకపక నవ్వి, “పాముకు ఈల వినపడుడేంది, పాలు తాగుడేంది? ఈ రాసినాయన మన దిక్కు ఎన్నడన్న వచ్చిండా?” యని యడిగెను. ఆ కథ వ్రాయునాటికి రాలేదని చెప్పితిని. పాములకు వెలుపలి చెవి లేదు. గాలిలో పోవు సన్నని ఈల వానికి తెలియుట అరుదు. పాలు వాని యాహారమే కాదు. మన దేశమును గూర్చి నాటి ఆంగ్ల రచయితలకు గల జ్ఞానము అంతమాత్రమే.

అయినను ఆ కథలో నొక మేలైన అంశము కలదు. మొదటి పిల్ల చనిపోవుచు పలికిన మాటకు ఇంగ్లీషున పట్టీ యనియు, ముఠా యనియు రెండర్థములు. ఆ యింటి తోటలో దేశద్రిమ్మరులు గుడారములు వేసికొని యుండిరి. వారు తలకు చుక్కల గుడ్డలు కట్టుకొందురు. కనుక అనుమానము వారిమీదికి పోయినది. హోమ్సంతటివాడును మొదట ఆ దారినే పోయి, కథ చివర తన తప్పును తానే యొప్పుకొనును.

మన దేశమున ఇట్టి అనుమానమునకు చట్టమే యుండెను. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరజాతుల చట్టము చేసి, కొన్ని కులములవారు పుట్టుకతోనే దొంగలని నిర్ణయించెను. చెన్నరాజధానిలో ఎరుకలవారు దాని క్రింద నలిగిరి. పోలీసు ఠాణాలో పేరు వ్రాయించుకొనుట, అనుమతి లేక ఊరు దాటకుండుట వారి బ్రతుకై పోయెను. గుంటూరు సీమలోని స్టువార్టుపురము అట్టివారికై యేర్పడిన ఊరు. ఆ చట్టము దేశమంతట రద్దగుటకు 1952 రావలసివచ్చెను. ఊరిపేరు మీది మచ్చ అటుపిమ్మటను చాలకాలము పోలేదు.

బాస్కర్విల్లు వేటకుక్క కథ (1901-02) ఈ విషయమునే వేరొక విధముగా చెప్పును. వంశమును వెంటాడు దయ్యపుకుక్క యని ఊరంతయు వణకగా, అది భాస్వరము పూసిన మామూలు కుక్క యనియు, దాని వెనుక ఆస్తి కాశించిన దాయాది యున్నాడనియు తేలును. 2012లో బి.బి.సి. వారు భాస్వరమును వదలి, భయము పుట్టించు విషపుపొగను పెట్టిరి. నాకు పాతదే మేలనిపించినది; ఒక డబ్బా భాస్వరము, ఒక ఆకలిగొన్న కుక్క, అంతే. బాణామతి పేరిట పండ్లూడగొట్టుటయు, ప్రాణములు తీయుటయు మన తెలంగాణమున జరిగినవి. ఆ పుకార్ల వెనుక పొలముగట్టు తగవో, పాత పగయో యుండుటయు మీ రెరిగినదే. అచ్చట భాస్వర మెవరు పూసిరని అడుగువాడు లేకపోయెను.

చుక్కల పట్టీ కథలో పాము తిరిగిపోయి వైద్యునే కరచును. పెంపుడు జంతువుతో ఆడుకొనుచు చనిపోయెనని విచారణలో వ్రాసికొందురు. నిజము హోమ్సు, వాట్సను మొదలగు కొలదిమందికే తెలియును. బొమ్మ ముగిసిన పిదప మా మిత్రుడు చాలసేపు మాటాడక, తుదకు ఇట్లడిగెను: “మరి ఆ గుడిసెలోళ్లకు ఎవ్వరన్న పోయి చెప్పిన్రా, తప్పు మీది కాదని?”

పుస్తకము తీసి మరల చూచితిని. ఆ ముచ్చట అందు లేదు.