అరువిచ్చిన సీటు

1926 ఫిబ్రవరి 15, సోమవారం. కెనడా పశ్చిమాన, సస్కాచెవాన్ రాష్ట్రంలోని ప్రిన్స్ ఆల్బర్ట్ ఊళ్ళో, సెంట్రల్ అవెన్యూ మీద నిలబడి ఉన్నారు మీరు. దక్షిణాన గుట్ట మీద మొదలైన ఈ వీధి వాలుగా దిగి నార్త్ సస్కాచెవాన్ నది దగ్గర ఆగిపోతుంది. నది గడ్డకట్టి ఉంది. అవతలి ఒడ్డు నుంచే అడవి మొదలు. స్ప్రూస్ చెట్లు, సరస్సులు, ఆ పైన ఉత్తర ధ్రువం దాకా ఊళ్ళు అరుదు. మీ వెనక, గుట్ట దాటితే గోధుమ పొలాలు. అడవికీ పొలానికీ మధ్య సరిహద్దు మీద కూర్చున్న ఊరు ఇది.

చక్రాలకు బదులు జారుడు కడ్డీలు బిగించిన గుర్రపు బళ్ళ మీద రైతులు వస్తున్నారు. గుర్రాల ముక్కుల్లోంచి ఆవిరి పొగలా లేస్తోంది. పోలింగ్ గది తలుపు తీసి లోపలికి వెళ్ళండి. కట్టెల పొయ్యి, తడిసిన ఉన్ని కోట్ల వాసన, బల్ల మీద బ్యాలెట్ పెట్టె. వచ్చినవాళ్ళు చేతి తొడుగులు తీసి, వేళ్ళు పొయ్యి దగ్గర కాచుకుని, ఆ తర్వాతే పెన్సిల్ పట్టుకుంటున్నారు. ఈ మూల ఊళ్ళో వాళ్ళు ఓటు వేస్తున్నది దేశ ప్రధానమంత్రికి.

మూడున్నర నెలల కిందట, 1925 అక్టోబరు 29న, సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. లిబరల్ ప్రధాని మెకంజీ కింగ్ ఒంటారియోలో తన సొంత సీటు యార్క్ నార్త్‌లోనే ఓడిపోయాడు. కన్సర్వేటివ్‌లకు ఎక్కువ సీట్లు వచ్చినా, పశ్చిమ రైతుల పార్టీ అయిన ప్రోగ్రెసివ్‌ల మద్దతుతో ఆయన ప్రభుత్వం నిలబడింది. పార్లమెంటు సమావేశమైంది కానీ ప్రధానికి అందులో కూర్చునే హక్కు లేదు. అప్పుడు ప్రిన్స్ ఆల్బర్ట్ నుంచి కొత్తగా గెలిచిన లిబరల్ సభ్యుడు చార్లెస్ మెక్‌డొనాల్డ్ రాజీనామా చేసి దారి ఇచ్చాడు. సభలో ఒక్క ప్రసంగమైనా చేయకుండానే వదులుకున్న సీటది. పదేళ్ళకు ఆయనకు సెనేట్ సభ్యత్వం దక్కింది. అక్కడా నోరు విప్పకముందే కన్నుమూశాడు. 1991లో పి.వి. నరసింహారావు కోసం నంద్యాల సీటు ఖాళీ చేయించిన సంగతి గుర్తున్నవాళ్ళకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. నంద్యాలలాగే ప్రిన్స్ ఆల్బర్ట్ కూడా ప్రధానిని భారీ మెజారిటీతో గెలిపించింది.

పొయ్యి పక్కన చేతులు చాపి కూర్చున్న ముసలివాళ్ళను చూడండి. వీళ్ళకు ఇది రెండోసారి. 1896లో ఇది ఇంకా రాష్ట్రం కూడా కాదు, వాయవ్య ప్రాంతాల్లో ఒక జిల్లా. అప్పటి లిబరల్ నాయకుడు విల్ఫ్రిడ్ లోరియే క్యూబెక్ ఈస్ట్‌తో పాటు ఇక్కడా నిలబడ్డాడు, రెండుచోట్లా గెలిచాడు, ప్రధాని అయ్యాడు, ఈ సీటు వదిలేసి క్యూబెక్‌ను ఉంచుకున్నాడు. ఆ గెలుపు వెనక ఒక గాయం ఉంది. అంతకు పదకొండేళ్ళ ముందు, 1885లో, ఇక్కడికి దక్షిణాన బటోష్ దగ్గర లూయీ రియెల్ నాయకత్వంలో, మిశ్రమ సంతతికి చెందిన మేటీ ప్రజలు తమ భూముల హక్కు కోసం తుపాకులు పట్టారు. డక్ లేక్ దగ్గర కాల్పులు జరిగిన రోజుల్లో చుట్టుపక్కల సెటిలర్లు ప్రాణభయంతో ఈ ఊళ్ళోకే పరుగెత్తుకొచ్చారు. రియెల్‌ను ఉరి తీశాక, తాను గనక సస్కాచెవాన్ నది ఒడ్డున పుట్టి ఉంటే తానూ తుపాకీ భుజాన వేసుకునేవాణ్ణని మాంట్రియాల్ సభలో అన్నవాడు లోరియే. ఆ మాట అన్న మనిషిని ఆ నది ఒడ్డు జనమే గెలిపించారు. ఆయన వదిలేసిన సీటు ఉప ఎన్నికలో స్థానిక వ్యాపారి థామస్ ఆస్బర్న్ డేవిస్‌కు దక్కింది. డేవిస్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మళ్ళీ 1926, సెప్టెంబరు 14. మంచు లేదు, కోతల కాలం. గవర్నర్ జనరల్ బింగ్‌తో తగువు పడి కింగ్ రాజీనామా చేయడం, తర్వాత వచ్చిన కన్సర్వేటివ్ నాయకుడు మీఎన్ ప్రభుత్వం నాలుగు రోజులు తిరక్కుండానే సభలో ఓడిపోవడం, అన్నీ వేసవిలోనే అయిపోయాయి. ఇప్పుడు మళ్ళీ సార్వత్రిక ఎన్నిక, మళ్ళీ ఇక్కడి నుంచే కింగ్. ఈసారి ఎదురుగా ఒక కన్సర్వేటివ్ లాయరు నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, వంకీల జుట్టు, చురుకైన చూపు. పేరు జాన్ డీఫెన్‌బేకర్. ఆ జర్మన్ పేరే అతనికి అడ్డం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఎనిమిదేళ్ళే అయింది. 1925లో ఇక్కడే నిలబడితే మూడో స్థానం, డిపాజిట్ గల్లంతు. ఈసారి ప్రధాని చేతిలో నాలుగు వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓటమి.

ప్రధానిని గెలిపించినందుకు ఊరికి ఏం దక్కింది? ఉత్తరాన అడవి అంచుకు వెళ్ళండి. 1927లో ప్రిన్స్ ఆల్బర్ట్ జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. 1928 ఆగస్టులో కింగ్ స్వయంగా వాస్కెసూ సరస్సు ఒడ్డుకు వచ్చి ప్రారంభించాడు. ఓటర్ల రుణం తీర్చుకున్నాడని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. సరస్సు అందం అబద్ధం కాదు. కానీ ఆ అడవిలో వేటాడి, ఉచ్చులు పన్ని బతికిన క్రీ ఆదివాసీ, మేటీ కుటుంబాలకు అక్కడ ఆ బతుకుతెరువు పోయింది. వాళ్ళలో చాలామందికి, ఆ బహుమతిని తెచ్చిన ఎన్నికలో ఓటే లేదు. ఈ నియోజకవర్గం కథ చెప్పేవాళ్ళు ముగ్గురు ప్రధానుల పేర్లు గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ పోలింగ్ గదిలోకి రానివ్వని మనుషులే ముందు కనిపిస్తారు.

డీఫెన్‌బేకర్ ఓటములు అంతటితో ఆగలేదు. 1929 రాష్ట్ర ఎన్నికల్లో అతన్ని ఓడించినవాడు పాత డేవిస్ గారి కొడుకు టి.సి. డేవిస్. 1933లో ఊరి మేయరు పదవికి నిలబడితే 48 ఓట్లతో పోయింది. 1938లో రాష్ట్ర నియోజకవర్గం ఆర్మ్ రివర్‌లో మరో ఓటమి. 1940లో గానీ పార్లమెంటు మెట్లు ఎక్కలేదు, అదీ ప్రిన్స్ ఆల్బర్ట్ నుంచి కాదు, లేక్ సెంటర్ అనే మరో నియోజకవర్గం నుంచి, 280 ఓట్ల మెజారిటీతో.

ఈలోగా ముప్పైల కరువు వచ్చి వెళ్ళింది. 1932 చివర్లో బుషెల్ గోధుమ ధర నలభై సెంట్ల కిందికి పడింది. దక్షిణ సస్కాచెవాన్‌లో మట్టి గాలికి లేచిపోతే, జనం సామాను బళ్ళకెత్తుకుని ఈ అడవి అంచుకు వలస వచ్చారు. అలా వచ్చినవాళ్ళకు పాత పార్టీల మీద నమ్మకం తగ్గింది. రైతు, కార్మిక, సోషలిస్టు సంఘాలు కలిసి పెట్టుకున్న కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్, అందరూ సి.సి.ఎఫ్. అని పిలిచే పార్టీ, వాళ్ళ ముంగిట్లోకి వచ్చింది. 1944 జూన్‌లో టామీ డగ్లస్ నాయకత్వంలో అది రాష్ట్రాన్నే గెలిచింది.

ఇప్పుడు ఊరు వదిలి సముద్రం దాటండి. 1945 జూన్, హాలండ్. ఐరోపాలో యుద్ధం ముగిసి నెల కావస్తోంది. ఇంటికి తీసుకెళ్ళే ఓడ ఎప్పుడొస్తుందో తెలియని కెనడా సైనికుల మధ్య మీరు కూర్చుని ఉన్నారు. బల్ల మీద బ్యాలెట్ పెట్టె. పక్కనున్న కుర్రాడిది షెల్‌బ్రూక్ దగ్గర పొలం అనుకోండి. అతని ఓటు లెక్కకు వచ్చేది ఇక్కడ కాదు, అక్కడ, ఇంటి దగ్గర, ప్రధాని సీటులో.

ఈ సైనికుల మనసులో కింగ్ మీద ఏముందో తెలియాలంటే 1941 ఆగస్టుకు వెళ్ళాలి. ఇంగ్లాండులో ఆల్డర్‌షాట్ మైదానంలో ప్రధాని మాట్లాడడానికి లేస్తే సొంత దేశపు సైనికులే ఈలలు వేసి అల్లరి చేశారు. ఆ తర్వాత ఇటలీ, నార్మండీ, షెల్ట్ నదీముఖం. పదాతి దళాల్లో పడిపోయినవాళ్ళ చోటు నింపడానికి మనుషులు చాలలేదు. గాయాలు మానీ మానకముందే మళ్ళీ ముందు వరసలోకి పంపారు. నిర్బంధ సైనిక సేవ కింద స్వదేశంలో ఉన్న వేలమందిని విదేశానికి పంపే నిర్ణయాన్ని కింగ్ 1944 నవంబరు దాకా వాయిదా వేస్తూ వచ్చాడు. దేశం రెండుగా చీలకూడదని ఆయన భయం. ఆ భయానికి కారణం ఉంది, క్యూబెక్ నిర్బంధ సేవను గట్టిగా వ్యతిరేకించింది. ఎముకలు కొరికే చలిలో, నడుం లోతు నీళ్ళలో షెల్ట్ గట్ల మీద పోరాడి వచ్చిన కుర్రాడికి ఆ రాజనీతి ఓదార్పు కాదు. అతను మడత పెట్టి వేసిన కాగితంలో ఆ లెక్కంతా ఉంది.

జూన్ 11 సోమవారం రాత్రి మళ్ళీ ప్రిన్స్ ఆల్బర్ట్. ఊళ్ళో, పల్లెల్లో వేసిన ఓట్లు లెక్కపెట్టారు. కింగ్ ముందున్నాడు. దేశంలో లిబరల్‌లు అధికారం నిలబెట్టుకున్నారు. సస్కాచెవాన్‌లో మాత్రం సి.సి.ఎఫ్. 21 సీట్లలో 18 ఊడ్చేస్తోంది. ఇంకా సైనికుల ఓట్లు కలపాలి. కలిపేసరికి లెక్క తిరగబడింది. సి.సి.ఎఫ్. అభ్యర్థి, రైతు ఎడ్వర్డ్ బోవర్‌మన్, దేశ ప్రధానిని 129 ఓట్లతో ఓడించాడు.

129. గోధుమలు నిలవచేసే ఎలివేటర్ చుట్టూ పెరిగిన ఒక చిన్న పల్లెలో అంతమంది ఓటర్లు ఉండొచ్చు. పంతొమ్మిదేళ్ళు కింగ్‌ను మోసిన నియోజకవర్గం అంత సన్నని తేడాతో భుజం దించేసుకుంది. కింగ్ మళ్ళీ మరొకరి సీటు వెతుక్కోవలసి వచ్చింది. ఒంటారియోలోని గ్లెన్‌గారీలో ఆయన ఉప ఎన్నిక గెలిచింది ఆగస్టు 6న. హిరోషిమా మీద బాంబు పడింది కూడా ఆ రోజే.

1953 వేసవి. లిబరల్ ప్రభుత్వం చేసిన పునర్విభజనలో డీఫెన్‌బేకర్ లేక్ సెంటర్ సీటు ముక్కలైపోయింది. ప్రత్యర్థులు ఆయన కాళ్ళ కింద నేలను లాగేశారని అభిమానులు మండిపడ్డారు. ఆయన అప్పటికి యాభై ఏడేళ్ళవాడు, భార్య ఎడ్నా పోయి రెండేళ్ళు. తనను పదేపదే తిరస్కరించిన సొంతూరి నుంచే నిలబడాలని నిర్ణయించుకున్నాడు. సెంట్రల్ అవెన్యూ మీద నడిచి చూడండి, విచిత్రం కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి లిబరల్‌లకు ఓటు వేసినవాళ్ళు, సి.సి.ఎఫ్. వాళ్ళు కూడా కలిసి డీఫెన్‌బేకర్ క్లబ్బులు పెట్టుకున్నారు. కోర్టులో పేదవాళ్ళ తరఫున నిలబడ్డ లాయరుగా వాళ్ళకు ఆయన తెలుసు. వీధిలో పేరు పెట్టి పలకరించే మనిషిగా తెలుసు. ఆగస్టు 10న ఆయన గెలిచాడు. ఆ ఎన్నికలో సస్కాచెవాన్ మొత్తం మీద గెలిచిన కన్సర్వేటివ్ ఆయన ఒక్కడే.

నాలుగేళ్ళకు, 1957 జూన్ 21న, ఆయన ప్రధాని అయ్యాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో 265 సీట్లలో 208 గెలిచాడు. లోరియే, కింగ్ బయటి నుంచి వచ్చి ఈ సీటు తీసుకున్నారు. ఈసారి సీటే తన మనిషిని ప్రధానిని చేసింది. 1910లో సస్కటూన్ స్టేషన్‌లో లోరియేకు పత్రిక అమ్మిన కుర్రాణ్ణి తానేనని డీఫెన్‌బేకర్ జీవితాంతం చెప్పుకున్నాడు.

1962 జూన్ 18. ప్రిన్స్ ఆల్బర్ట్ చుట్టుపక్కల ఆదివాసీ రిజర్వుల్లోకి, స్టర్జన్ లేక్‌కో మస్కోడేకో రండి. 1876లో ఇక్కడికి పడమరగా ఫోర్ట్ కార్ల్‌టన్ దగ్గర బ్రిటిష్ రాణి ప్రతినిధులతో ఆరో నంబరు ఒప్పందం చేసుకున్న క్రీల వారసులు వీళ్ళు. డీఫెన్‌బేకర్ ప్రభుత్వం 1960లో చట్టం మార్చేదాకా, మాజీ సైనికుల వంటి కొద్దిమందికి తప్ప, వీళ్ళు ఓటు కావాలంటే తమ ప్రత్యేక హోదానో హక్కులనో వదులుకోవలసి వచ్చేది. అందుకే ఇవాళ కూడా కొందరు పెద్దలు గడప దాటడం లేదు. ఓటు వేస్తే రేపు భూమి లాక్కుంటారేమోనని అనుమానం. మూడు తరాలు మోసపోయినవాళ్ళకు ఆ అనుమానం న్యాయమైనదే. దాటినవాళ్ళు వరసలో నిలబడ్డారు. వాళ్ళ వెనక నిలబడండి. నానమ్మ వయసు మనిషి ఒకామె పెన్సిల్ అందుకుని, కాగితం మీద గుర్తు పెట్టి, మడిచి పెట్టెలో వేస్తోంది. ఈ నది ఒడ్డున అందరికంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళు వీళ్ళు. లోరియే ఎన్నిక జరిగిన అరవయ్యారేళ్ళకు వీళ్ళ వంతు వచ్చింది. డీఫెన్‌బేకర్ గెలుపులన్నిట్లో నేను పెద్దగా చూసేది 208 సీట్లను కాదు, ఈ వరసను.

1963లో ఆయన ప్రభుత్వం పడిపోయింది. అయినా చైనాకు గోధుమలు అమ్మి గాదెలు ఖాళీ చేయించినవాణ్ణి పొలాల జనం వదల్లేదు. ఆ ఏడు సస్కాచెవాన్‌లోని 17 సీట్లూ ఆయన పార్టీవే. తర్వాత పార్టీయే ఆయన్ను నాయకత్వం నుంచి దింపేసింది. ప్రిన్స్ ఆల్బర్ట్ దింపలేదు. 1953 నుంచి 1979 దాకా వరసగా పదిసార్లు గెలిపించింది. 1979 ఆగస్టు 16న, పదో గెలుపు తర్వాత మూడు నెలలు తిరక్కుండానే, ఒట్టావాలో చనిపోయాడు. రైలు మీద పశ్చిమానికి తీసుకొచ్చి సస్కటూన్‌లో, సౌత్ సస్కాచెవాన్ నదికి ఎదురుగా ఖననం చేశారు.

ఖాళీ అయిన సీటుకు నవంబరు 19న ఉప ఎన్నిక. ఓట్లు డీఫెన్‌బేకర్ అనే మనిషికి పడ్డాయా, కన్సర్వేటివ్ పార్టీకి పడ్డాయా అన్నది ఆ రాత్రి తేలిపోయింది. పాత సి.సి.ఎఫ్. వారసురాలైన న్యూ డెమొక్రటిక్ పార్టీ అభ్యర్థి స్టాన్ హోవ్‌డెబో గెలిచాడు. మూడు నెలలకే, 1980 ఫిబ్రవరి 18న, దేశమంతా మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ప్రిన్స్ ఆల్బర్ట్ మంచులో బళ్ళు కట్టుకుని కాకుండా కార్లలో వచ్చి, మళ్ళీ హోవ్‌డెబోకే ఓటు వేసింది.