జమైకా గృహ సందర్శన అధ్యయనం

పేదింటి పసిబిడ్డ ఎదగడానికి తిండితోపాటు తనతో మాట్లాడే, ఆడించే మనిషి కూడా కావాలని గట్టి ఆధారాలతో చూపిన పరిశోధన ఇది. వైద్యురాలు శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం 1986-87లో కింగ్‌స్టన్ పేదవాడల్లో దీన్ని మొదలుపెట్టింది. 9 నుంచి 24 నెలల వయసుండి, వయసుకు తగ్గ ఎత్తు పెరగని 129 మంది పిల్లలను నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు వారానికి కిలో పాల ఆధారిత పోషకాహారం, ఒక జట్టుకు ఆటపాటలు, మరో జట్టుకు రెండూ రెండేళ్లపాటు అందాయి; నాలుగో జట్టుకు ఈ రెండూ లేవు. ఆటపాటల బాధ్యత పెద్ద చదువులు లేని స్థానిక ఆరోగ్య కార్యకర్తలది. వారానికోసారి ఇంటికొచ్చి గంటసేపు కూర్చునేవారు. వాడిపారేసిన ప్లాస్టిక్ సీసాలు, మూతలు, అట్టముక్కలతో చేసిన బొమ్మలు తెచ్చి, వాటితో బిడ్డను ఎలా ఆడించాలో చూపి, తల్లి చేతే ఆడించేవారు. ఆ బొమ్మలు ఇంట్లోనే వదిలి, మళ్లీ వచ్చినప్పుడు వేరేవి ఇచ్చేవారు. వాళ్లు వచ్చేది వారంలో ఒక్క గంటే కాబట్టి మిగతా రోజుల్లో తల్లి ఏం చేస్తుందన్నదే అసలు సంగతి.

రెండేళ్ల చివర తిండీ ఆటా రెండూ మేలు చేసినట్టు తేలింది. రెండూ అందిన పిల్లలు అందరికన్నా ముందున్నారు. పదకొండు, పన్నెండేళ్లు వచ్చేసరికి ఒక్క ఆహారమే అందిన పిల్లల్లో ఆ మేలు కనబడలేదు, ఆటపాటలది నిలిచింది. 22 ఏళ్ల వయసులో ఆటపాటలు అందినవారి సంపాదన అందనివారికంటే 25 శాతం ఎక్కువని పాల్ గెర్ట్‌లర్, జేమ్స్ హెక్‌మన్ తదితరులు 2014లో ‘సైన్స్’ పత్రికలో వెల్లడించారు. తిండి అక్కర్లేదని దీనికి అర్థం చెప్పుకోకూడదు. ఆకలితో ఉన్న బిడ్డ ఆడుకోలేదు.

129 మందిని చూసి దేశాల విధానాలు నిర్ణయించవచ్చా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఇదే పద్ధతిని కొలంబియాలో 96 మున్సిపాలిటీల్లో, 1,420 మంది పిల్లలతో, స్థానిక మహిళల ద్వారానే పరీక్షించారు. పిల్లల తెలివితేటలు మెరుగుపడ్డాయి. కానీ కార్యక్రమం ముగిసిన రెండేళ్లకు చూస్తే ఆ తేడా మిగల్లేదు. ఈ ఫలితాన్ని దాటవేయడం తప్పు. కార్యక్రమం పెద్దదైనప్పుడు శిక్షణ, పర్యవేక్షణ పలచబడతాయని, ఆ తర్వాతి బడి కూడా బాగుండాలని దీన్నిబట్టి అనుకోవడం సబబు. ఇంటింటికీ కార్యకర్తను పంపడానికయ్యే ఖర్చు సంగతికి ఒడిశా గ్రామాల ప్రయోగం కొంత జవాబు చెప్పింది: తల్లులను బృందాలుగా కూర్చోబెట్టినా ఇంటింటికీ వెళ్లినంత ఫలితం చాలా తక్కువ ఖర్చుతో వచ్చింది.

పేద తల్లికి పెంపకం నేర్పడమంటే ఆమెను తప్పుపట్టడమేనన్నది మరో విమర్శ. తల్లిని కూర్చోబెట్టి పాఠం చెబితే అది నిజమే అవుతుంది. ఈ పద్ధతిలో కార్యకర్త పని ఆమె చేస్తున్నదాన్ని మెచ్చుకోవడం, ఇంకో ఆట జోడించడం. ఆమెకు కరువైంది ప్రేమ కాదు. తీరిక, ఆట వస్తువులు, ఆసరా. కూలి గిట్టుబాటు కాని ఇంట్లో ఆ తీరికను ఏ బొమ్మా తెచ్చిపెట్టలేదన్నది మాత్రం ఒప్పుకోవలసిందే.

తెలుగు నేలపై హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నల్గొండ జిల్లా గ్రామాల్లో సూక్ష్మపోషకాల పొడినీ ఆటపాటలనూ కలిపి పరిశోధించింది. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకం కింద ఇక్కడి పల్లెల్లో అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి, కార్యకర్తలూ ఊరివాళ్లే. అయితే తూకాలు, రికార్డులు, సరుకుల పంపిణీ పోగా మూడేళ్లలోపు బిడ్డ ఇంట్లో కూర్చోవడానికి వాళ్లకు గంట దొరకాలంటే పని తగ్గించాలి, లేదా మరో మనిషిని ఇవ్వాలి.