కొండరాయి పేరు

బడిలో గళ్ళనుడికట్టు గీసేటప్పుడు నేలకోత మాటలు ఏరుకుంటాం. కోత, గండి, మేట, ఒండ్రు అన్నీ రెండేసి గళ్ళవే, పిల్లలు ఇట్టే నింపేస్తారు. శైథిల్యం, క్రమక్షయం దగ్గర పెన్సిళ్ళు ఆగిపోతాయి. రాయి ఉన్నచోటే కుళ్ళి పొడికావడం మొదటిది, ఆ పొడిని నీరో గాలో ఎత్తుకుపోవడం రెండోది అని చెబితే, ఓస్ ఇంతేనా అంటారు. గెడ్డ ఒడ్డున పుట్టినవాళ్ళకు అది కొత్త సంగతి కాదు మరి.

నాలుగు గళ్ళ మాటలు రెండున్నాయి: చార్నోకైట్, ఖోండలైట్. మన తూర్పు కనుమల్లో విరివిగా ఉన్న రాళ్ళివి. మొదటి పేరు 1893లో హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్‌కు కలకత్తాలో కట్టిన సమాధి మీది రాయి అది. రెండోదానికి వాకర్ 1902లో ఖోండుల పేరు పెట్టాడు. ఖోండులంటే ఎవరో కాదు, కువి మాట్లాడే మన కోదులే. దొర పేరు సమాధిరాతికి, మనవాళ్ళ పేరు కొండరాతికి వచ్చాయన్నమాట!

ఖోండలైట్ వానకు త్వరగా లొంగుతుంది. కోణార్క గుడిని ఆ రాతితోనే కట్టారు. అక్కడి శిల్పాలు ఎంతగా అరిగిపోయాయో చూసినవాళ్ళకు తెలుసు. కొండల మీద అది కుళ్ళి ఎర్రమట్టి అవుతుంది. దానిలోని గార్నెట్ రేణువులు గెడ్డల వెంట దిగి సముద్రం చేరతాయి. భీమునిపట్నం తీరపు ఇసుకలో కనిపించే ఎర్రటి చారలు అవే. కొండ నెత్తిన సిలికా కొట్టుకుపోయి అల్యూమినియం మిగిలినచోట బాక్సైట్ తయారైంది.

మట్టి కొట్టుకుపోవడానికి కారణమెవరంటే అధికారుల దగ్గర పాత జవాబొకటుంది: పోడు. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వులయ్యాయి, వాటిలో పోడు నేరమైంది. 1922లో గూడెం మన్యం తిరగబడటానికి ఆ ఆంక్షలూ ఒక కారణమే. వాలు మీద ఏటా నరికితే మట్టి జారుతుంది, కాదనం. కానీ మన పెద్దలు ఒకచోట రెండుమూడేళ్ళు పండించి వదిలేసి, అడవి మళ్ళీ లేచాకే అక్కడికి తిరిగొచ్చేవారు. రిజర్వు గీతలతో తిరిగే నేల కుదించుకుపోయింది, అడవి లేవడానికి ఇచ్చే గడువూ తగ్గింది. ఆ గీతల సంగతి వదిలేసి నింద మాత్రం పోడు మీద వేశారు. సవరలైతే వాలుల్లో రాతికట్లు పేర్చి, మెట్లుమెట్లుగా వరిమళ్ళు చేశారు. జారే మట్టిని నిలబెట్టే ఆ పనితనం గురించి పిల్లలకు ఒక పూట పాఠం చెప్పవచ్చు.

కొండను తవ్వడానికి వచ్చినవాళ్ళ సంగతీ చెప్పాలి. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పిచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదంది. తర్వాత బాక్సైట్ పోరాటాలకు ఆ తీర్పే ఆసరా అయింది. సమత, మూడు గళ్ళు. దీనికి ఆధారవాక్యం పిల్లలచేతే రాయిద్దాం.